ఉమ్మడి సొత్తు – కర్త పేరు

1

ఈ మధ్య ఒక విద్యార్థుల అధ్యయన తరగతిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చర్చ జరిగింది. ప్రోగ్రాములు రాసి అందరికీ పంచిపెట్టే రెండు బృందాల మధ్య "మా కోడ్ తీసుకున్నారు, మా పేర్లు తీసేశారు" అనే తగాదా వచ్చిన సంగతి ఎవరో ప్రస్తావించారు. చురుకైన విద్యార్థి మిత్రుడొకడు లేచి ఇట్లా అన్నాడు: "ఉమ్మడి సొత్తు అని వాళ్లే అంటారు. మళ్లీ అందులో ఈ వాక్యం నాది, ఆ వాక్యం నీది అని కొట్లాడుకుంటారు. ఇది పెటీబూర్జువా అహంకారం తప్ప మరొకటి కాదు." చాలామంది తలలూపారు. నేనూ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ మాటలో కొంత నిజం ఉన్నట్టు తోచడమే అందుకు కారణం. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, అది నిజంలాగా కనపడే అబద్ధమనీ, పైగా అభ్యుదయవాదులమని చెప్పుకునే మనబోటివాళ్లకు ప్రత్యేకంగా ప్రమాదకరమైన అబద్ధమనీ తేలింది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

సాహిత్య విమర్శ పత్రికలో కంప్యూటర్ల గొడవ ఏమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. ప్రోగ్రాం కూడా రచనే. మనుషులు రాస్తారు, మనుషులు చదువుతారు, దిద్దుతారు, ఎత్తి రాసుకుంటారు. 1957 నాటి మన కాపీరైటు చట్టంలోని "సాహిత్య రచన" నిర్వచనంలోకి సవరణల ద్వారా కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా చేరాయి. అంతేగాక, హైదరాబాదులోని "స్వేచ్ఛ" వంటి సంస్థల కృషి వల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగు విద్యార్థుల్లోకి వచ్చింది. ఉద్యమం వచ్చినచోటికి దాని తగాదాలు కూడా వస్తాయి. వాటిని గురించి ఆలోచించవలసిన బాధ్యత విమర్శకుడికి లేదనడానికి వీల్లేదు.

2

ముందు వాస్తవాలు. ప్రోగ్రాంకు రెండు రూపాలుంటాయి. మనిషి రాసేదీ చదవగలిగేదీ మూలరూపం. యంత్రం నడిపేది యంత్రరూపం. వ్యాపార సంస్థ యంత్రరూపాన్ని అమ్ముతుంది, మూలరూపాన్ని దాచుకుంటుంది. కొన్నవాడు దాన్ని వాడగలడేగాని అర్థం చేసుకోలేడు, మార్చలేడు, పొరుగువాడికి ఇవ్వలేడు. దీన్ని ఎదిరించి 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే ప్రణాళిక ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు మొదటి పాఠం వెలువడింది. ఈ లైసెన్సు కాపీరైటును రద్దు చెయ్యలేదు, తిరగేసింది. రచన నాది గనక షరతు పెట్టే హక్కు నాది అని చట్టం చేత ఒప్పించి, ఆ షరతు ఇట్లా పెట్టింది: ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. కాని మార్చినదాన్ని పంచేటప్పుడు మూలరూపంతో సహా ఇదే షరతు మీద పంచాలి. దాచుకోవడానికి వీల్లేదు.

ఇంకొక సంప్రదాయం కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అది మరింత ధారాళమైనది. తీసుకోండి, మార్చుకోండి, కావాలంటే దాచుకుని అమ్ముకోండి. రచయిత పేరూ ఈ అనుమతి పత్రమూ మాత్రం ప్రతుల నుంచి తీసెయ్యకండి. దాని షరతుల సారాంశం దాదాపు ఇంతే. బర్క్‌లీ వంశంలోదైన ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వారు వాడే ఐఎస్‌సీ లైసెన్సు ఇంకా చిన్నది. చదవడానికి ఒక నిమిషం చాలు. పనిముట్టు ప్రజల చేతిలోనే నిలవాలన్న పట్టుదల జీపీఎల్‌ది. పనిముట్టు అందరికీ అందితే చాలునన్న ఔదార్యం రెండోదానిది. రాజకీయంగా ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. నా మొగ్గు మొదటిదాని వైపే. కాని ఇక్కడ నేను చెప్పదలచింది రెంటికీ ఉమ్మడిగా ఉన్న విషయాన్ని గురించి. సమస్తమూ ఇచ్చేసే ఔదార్యం కూడా కర్త పేరును మాత్రం తుడవనివ్వలేదు. ఎందువల్ల?

ఈ ప్రశ్న స్టాల్మన్‌కు కూడా స్వానుభవమే. ఆయన రాసిన గ్నూ ఈమాక్స్ తొలి రూపంలో జేమ్స్ గాస్లింగ్ రాసిన మరొక ఈమాక్స్ నుంచి తీసుకున్న భాగాలుండేవి. గాస్లింగ్ తన ప్రోగ్రాంను ఒక కంపెనీకి అమ్మాడు. కంపెనీ అభ్యంతరం చెప్పింది. స్టాల్మన్ ఆ భాగాలన్నీ తీసేసి 1985లోనే మళ్లీ స్వయంగా రాసుకోవలసివచ్చింది. నోటిమాటగా పంచుకున్నది రేపు ఎవరి సొత్తవుతుందో చెప్పలేమన్న పాఠం అక్కడ ఉంది. పంపకం షరతులు కాగితం మీద ఉండాలన్న పట్టుదల ఇట్లాంటి అనుభవాల నుంచే పుట్టింది.

3

2007 సంవత్సరంలో నాలుగు నెలల తేడాతో జరిగిన రెండు తగాదాలు ఈ విషయంలో చాలా విలువైన సాక్ష్యాలు. రెండింటిలోనూ పక్షాలు ఒకటే: లైనక్స్ వారూ, ఓపెన్‌బీఎస్‌డీ వారూ. రెండింటికీ కారణం ఒకటే: తీగ లేకుండా కంప్యూటర్లను కలిపే చిప్పులు తయారుచేసే కంపెనీలు, వాటిని నడిపించే విధానాన్ని బయటపెట్టకపోవడం. కాబట్టి ఈ తగాదాలకు అసలు మూలం రహస్యం దాచిన కంపెనీలే. ఈ సంగతి మరిచిపోయి ఇద్దరు పేదవాళ్ల పోట్లాటను మాత్రమే చూడడం సరైన విమర్శ కాదు.

మొదటిది ఏప్రిల్‌లో. బ్రాడ్‌కామ్ చిప్పుల కోసం లైనక్స్ వైపు కొందరు చాలా శ్రమపడి డ్రైవర్ రాశారు. ఒక జట్టు కంపెనీ యంత్రరూపాన్ని పరిశోధించి, చిప్పు పనిచేసే తీరును మామూలు భాషలో రాసిపెట్టింది. రెండో జట్టు కంపెనీ ప్రోగ్రాంను కన్నెత్తి చూడకుండా, ఆ వివరణను మాత్రమే ఆధారం చేసుకుని డ్రైవర్ రాసింది. కాపీ చేశారని కంపెనీ వేలెత్తి చూపకుండా తీసుకున్న జాగ్రత్త అది. ఆ డ్రైవర్ జీపీఎల్ కింద ఉంది. అదే చిప్పుకు ఓపెన్‌బీఎస్‌డీలో డ్రైవర్ రాస్తున్న ఒకాయన దాని నుంచి కొన్ని భాగాలు తీసుకుని, ఇంకా పూర్తికాని తన రచనలో చేర్చి, అందరూ చూడగలిగే భాండాగారంలో బర్క్‌లీ తరహా లైసెన్సు కింద పెట్టాడు. లైనక్స్ రచయిత అది గమనించి ఆయనకు లేఖ రాశాడు. కాని ఆ లేఖను ఆయనకొక్కడికే పంపలేదు. పదిమందీ చదివేచోటికి కూడా పంపాడు. ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్ మండిపడ్డాడు. కాపీ జరగలేదని ఆయన వాదించలేదు. పొరపాటు చేసిన సహచరుడితో ముందు విడిగా మాట్లాడాలి గాని, బజారులో నిలబెట్టడం మనుషులు చేసే పని కాదన్నది ఆయన అభ్యంతరం. ఆ డ్రైవర్ రచన అక్కడితో ఆగిపోయింది.

రెండోది ఆగస్టులో. ఈసారి అథెరోస్ చిప్పులు. కంపెనీ దాచిన భాగానికి బదులుగా ఓపెన్‌బీఎస్‌డీ రచయిత ఒకాయన పరిశోధించి స్వంతంగా రాసి ఐఎస్‌సీ లైసెన్సు కింద ఇచ్చాడు. దాన్ని ఆధారం చేసుకుని లైనక్స్ వారు ఏటీహెచ్5కే అనే డ్రైవర్ తయారుచేయబూనారు. ఇది పూర్తిగా న్యాయమైన పనే. లైసెన్సు అనుమతించిందే. అయితే ప్రతిపాదించిన మార్పుల్లో ఒకటి, ఆ ఫైళ్ల తలభాగంలో ఉన్న పాత అనుమతి పత్రాన్ని తీసేసి అక్కడ జీపీఎల్ ప్రకటన పెట్టింది. కొన్ని ఫైళ్లకు రెండు లైసెన్సుల్లో ఏదైనా ఎంచుకోవచ్చన్న వెసులుబాటు ఉంది. అసలు పరిశోధించి రాసిన భాగానికి అట్లాంటి వెసులుబాటు లేదు. ఉన్నదీ లేనిదీ విడదీయకుండా అన్నిటికీ ఒకే సున్నం కొట్టారు. ఇప్పుడు డి రాట్ వంతు వచ్చింది. రచయిత తప్ప ఇంకెవరూ ఆయన అనుమతి పత్రాన్ని మార్చజాలరని ఆయన వాదించాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. మా రచన తీసుకుని, మీరు చేర్చిన మెరుగులను జీపీఎల్ కింద పెడితే అవి మాకు తిరిగిరావు, కంపెనీల దాపరికాన్ని తిట్టే మీరు మాకు చేస్తున్నదేమిటి అని. ఈ ప్రశ్నకు చట్టంలో జవాబుంది గాని నీతిలో అంత సులభంగా లేదు.

చివరికి న్యాయవాదుల సంస్థ ఒకటి, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్, సెప్టెంబరు 27న మార్గదర్శక సూత్రాలు ప్రకటించింది. వాటి సారాంశం మామూలు ఇంగితమే. తీసుకున్న ఫైలులో పాత పేరూ పాత అనుమతీ యథాతథంగా ఉంచాలి. కొత్తగా చేర్చినదాన్ని చేర్చినవారి పేరుతో, వారి లైసెన్సుతో, విడిగా తెలిసేటట్టు చెప్పాలి. ఆ డ్రైవర్ ఫైళ్లలో మూల రచయిత పేరూ ఆయన అనుమతి పత్రమూ నిలిచి ఉన్నాయి.

ఈ రెండు తగాదాలను పక్కపక్కన పెట్టి చదివితే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఏప్రిల్‌లో "చట్టం చట్టమే" అన్న వైపు నుంచే ఆగస్టులో "చిన్న పొరపాటు, దిద్దుకుంటాం" అన్న ధోరణి వచ్చింది. ఏప్రిల్‌లో "ముందు విడిగా చెప్పవలసింది" అన్న వైపు ఆగస్టులో బహిరంగంగా గర్జించింది. మన సాహిత్య వివాదాల్లో ఇది కొత్త కాదు. మనవాడి అనుకరణకు "ప్రభావం" అనీ, అవతలివాడి అనుకరణకు "చౌర్యం" అనీ పేరు పెట్టిన విమర్శకులను మనం చూశాం. సూత్రం మనకు అనుకూలంగా ఉన్నప్పుడే గుర్తుకు వస్తే అది సూత్రం కాదు, ఆయుధం.

4

ఇక విద్యార్థి మిత్రుడి మాటకు వస్తాను. పేరు కోరడం అహంకారమేనా?

కొన్ని సందర్భాల్లో అవును. బర్క్‌లీ లైసెన్సు పాత రూపంలో ఒక షరతుండేది. ఈ ప్రోగ్రాం లక్షణాలను ప్రస్తావించే ప్రతి ప్రకటనలోనూ విశ్వవిద్యాలయం పేరు చెప్పితీరాలని. దాన్ని చూసి మిగతావాళ్లు తలా ఒకరూ తమ పేరుతో అటువంటి వాక్యమే పెట్టుకున్నారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీలో ఇట్లాంటి వాక్యాలు 75 ఉన్నట్టు స్టాల్మన్ లెక్కపెట్టాడు. కరపత్రంలో విషయం కంటే అధ్యక్షుల, ఉపాధ్యక్షుల జాబితా పెద్దదయితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది ఇది. 1999లో విశ్వవిద్యాలయమే ఆ షరతును ఎత్తేసింది. ఆ పని న్యాయమే. కాని ఒక సంగతి గమనించాలి. ప్రచారంలో పేరు చెప్పాలన్న షరతును ఎత్తేశారు గాని, రచనలో పేరు ఉంచాలన్న షరతును ఎత్తెయ్యలేదు. మొదటిది బోర్డు, రెండోది చిరునామా. బోర్డు లేకపోతే కర్తకు కీర్తి తగ్గుతుంది. చిరునామా లేకపోతే చదివేవాడికి దారి తెలియదు.

మన సాహిత్యంలో ఈ భేదం బాగా తెలిసినదే. పోతన భాగవతంలో ఐదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండూ పన్నెండూ నారయవి. స్కంధాంత గద్యల్లో వారి పేర్లున్నాయి గనకనే ఈ సంగతి మనకు తెలుసు. ఆ గద్యలను చెరిపి మొత్తం పోతనదే అన్నట్టయితే పోతనకు గౌరవం పెరగదు, ఆ ముగ్గురి శ్రమా మాయమవుతుంది, శైలిలో తేడా ఎందుకొచ్చిందో పరిశోధకుడికి అంతుపట్టదు. శ్రీనాథుడి సంగతి చూడండి. మీ డుమువులు మీరు తీసుకుని మా నైషధం మాకిచ్చెయ్యండి అని సంస్కృత పండితులు ఎకసెక్కం చేసినట్టు చాటుకథ ఉంది. ఎకసెక్కం చెయ్యగలిగారేగాని దొంగ అనలేకపోయారు. హర్షుడి పేరును శ్రీనాథుడు దాచలేదు మరి.

ఇక్కడ ఎర్రనను ఎవరైనా గుర్తుచెయ్యవచ్చు. అరణ్యపర్వ శేషాన్ని పూరించి, దాన్ని నన్నయ రచనగానే, రాజరాజనరేంద్రుడికే అంకితంగా నడిపి తాను వెనక్కి తప్పుకున్నాడు గదా, పేరు చెరుపుకోవడం గొప్ప కాదా అని. గొప్పే. అయితే ఎర్రన చెరుపుకున్నది తన పేరు. నన్నయ పేరు చెరిపి తన పేరు పెట్టుకోలేదు. తన పేరును వదులుకునే హక్కు కర్తకు ఎల్లప్పుడూ ఉంది. అది త్యాగం. ఒకడి తరఫున ఇంకొకడు చేసే త్యాగానికి ఏ పేరుందో పాఠకులకు చెప్పనక్కర్లేదు.

5

విద్యార్థి మిత్రుడి వాదంలో అసలు లోపం, ఆస్తినీ కర్తృత్వాన్నీ ఒకటిగా చూడడం. బూర్జువా చట్టం కూడా ఈ పొరపాటు చెయ్యలేదు. మన కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్, రచయిత తన హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా ఈ రచన నాది అని చెప్పుకునే హక్కును ఆయనకే మిగిల్చింది. ఆస్తి అంటే ఇతరులను రానివ్వకుండా అడ్డుకునే హక్కు. కర్తృత్వం అంటే ఈ శ్రమ చేసినవారెవరు అనే వాస్తవం. మొదటిదాన్ని రద్దు చెయ్యవచ్చు, చెయ్యాలి కూడాను. వాస్తవాన్ని రద్దు చెయ్యలేము, దాచగలం అంతే.

దాస్తే లాభం ఎవరికి? చరిత్ర చూడండి. 1992లో అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీకి చెందిన యూనిక్స్ సిస్టమ్ లేబరేటరీస్, తన యూనిక్స్ కోడ్‌ను దొంగిలించారని బర్క్‌లీ కోడ్ మీద ఆధారపడ్డ ఒక చిన్న కంపెనీ మీదా, తర్వాత విశ్వవిద్యాలయం మీదా దావా వేసింది. విశ్వవిద్యాలయం ఎదురు దావా వేసింది. కంపెనీయే తన యూనిక్స్‌లో బర్క్‌లీ రచనలను బోలెడు చేర్చుకుని, లైసెన్సు ప్రకారం చెప్పవలసిన పేరు చెప్పలేదన్నది అందులోని ఆరోపణ. 1994లో రాజీ కుదిరింది. 18,000 ఫైళ్లలో తీసెయ్యవలసివచ్చినవి మూడు. ఓ 70 ఫైళ్లలో కంపెనీ పేరు చేర్చవలసివచ్చింది. పేర్ల రికార్డు అంతంతమాత్రంగానైనా ఉండబట్టి విశ్వవిద్యాలయం నిలబడింది. అదే లేకపోతే బలవంతుడి మాటే సాక్ష్యమయ్యేది.

2008లో జేకబ్‌సెన్, కాట్జర్ కేసులో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తీర్పు ఇంకొక ఉదాహరణ. ఆటబొమ్మ రైళ్లను నడిపే ప్రోగ్రాం ఒకటి కొందరు కలిసి రాసి ఉచితంగా ఇచ్చారు. ఆ ఫైళ్లను ఒక వ్యాపారి రచయితల పేర్లు లేకుండా తన సరుకులో వాడుకున్నాడు. ఉచితంగా ఇచ్చినదానికి నష్టమేమిటన్నది కింది కోర్టు దాకా సాగిన ధోరణి. పై కోర్టు దాన్ని తోసిపుచ్చింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతు పెట్టే హక్కు పోదనీ, పేరు ఉంచాలన్న షరతును ఉల్లంఘిస్తే అది కాపీరైటు ఉల్లంఘనే కాగలదనీ చెప్పింది. ధర లేని శ్రమకు విలువ లేదనే బజారు సూత్రానికి ఇది చిన్న దెబ్బ.

నేటి పరిస్థితి వీటికంటే తీవ్రమైనది. 2021లో గిట్‌హబ్ కంపెనీ కోపైలట్ అనే యంత్రాన్ని తెచ్చింది. లోకంలోని బహిరంగ కోడ్‌ను మేసి, అడిగినవారికి కోడ్ రాసిపెడుతుంది. ఏ వాక్యం ఎవరి నుంచి వచ్చిందో మొదట్లో చెప్పేది కాదు. 2022 నవంబరులో కొందరు రచయితలు కాలిఫోర్నియాలో దావా వేశారు. పేర్లు తొలగించారన్న ఆరోపణను 2024లో న్యాయమూర్తి కొట్టేశాడు. లైసెన్సు షరతుల ఉల్లంఘన ఆరోపణ మిగిలింది. వివాదం పై కోర్టుకు వెళ్లింది. తీర్పు ఎట్లా వచ్చినా విమర్శకుడికి అర్థం కావలసింది ఒకటుంది. "ఉమ్మడి సొత్తులో పేర్లేమిటి" అన్న మాట మన విద్యార్థి నోట ఆదర్శంగా వచ్చింది. అదే మాట కంపెనీ నోట వ్యాపార సూత్రంగా వస్తుంది. ఉమ్మడిగా తీసుకుని విడిగా అమ్మేవాడికి అంతకంటే ఉపయోగపడే ఆదర్శం మరొకటి లేదు.

పేరు ఉంటే అన్నీ ఉన్నట్టేనని నేను అనడం లేదు. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడినప్పుడు, లోకంలోని వ్యాపారంలో సింహభాగం ఆధారపడ్డ ఆ ప్రోగ్రాంకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని తేలింది. రాసినవారి పేర్లు ఫైళ్లలో ఉన్నాయి. పేరు కడుపు నింపలేదు. అంతమాత్రాన పేరు తీసేస్తే కడుపు నిండదు గదా. ఎవరి శ్రమో తెలిసినప్పుడే ఎవరికి బాకీ ఉన్నామో తెలుస్తుంది.

6

మార్క్స్ "పెట్టుబడి" మూడో సంపుటంలో సార్వత్రిక శ్రమకూ సహకార శ్రమకూ తేడా చెప్పాడు. శాస్త్రీయ కృషి, ఆవిష్కరణ సార్వత్రిక శ్రమ. అది కొంత జీవించి ఉన్నవారి సహకారం మీదా, కొంత గతించినవారి శ్రమ మీదా ఆధారపడుతుంది. ప్రోగ్రాం రచనకు ఇంతకంటే సరిగ్గా అతికే వర్ణన నాకు కనపడలేదు. అట్లా చెప్పిన మార్క్సే తన గ్రంథాన్ని అధోజ్ఞాపికలతో నింపాడు. ఎందుకో 1883లో మూడో జర్మన్ కూర్పు పీఠికలో ఎంగెల్స్ వివరించాడు. ఒక ఆర్థిక భావాన్ని మొదట స్పష్టంగా చెప్పినదెవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది నిర్ధారించడానికని. రాడ్‌బెర్టస్ భావాలను మార్క్స్ దొంగిలించాడన్న ఆరోపణ వచ్చినప్పుడు, భావాలు ఉమ్మడి సొత్తు గదా అని ఎంగెల్స్ తప్పించుకోలేదు. 1885లో రెండో సంపుటం పీఠికలో ఎన్నో పేజీలు వెచ్చించి సాక్ష్యాధారాలతో జవాబు చెప్పాడు. ఉమ్మడి ఆస్తి కోసం జీవితాంతం పోరాడినవారికి ఎవరు ఏమి చెప్పారన్నది అంత ముఖ్యమయింది.

ఇదంతా రాస్తున్న నేను నిర్దోషిని కాను. కొన్నేళ్ల కిందట మా అధ్యయన తరగతుల కోసం ఒక చిన్న పుస్తకం తయారుచేశాను. అందులో రెండు అధ్యాయాలు ఒక విద్యార్థిని అనువదించినవి. వాక్యాలు దిద్దాను, కొన్ని మార్చాను. అట్ట మీద సంఘం పేరు వేసి, ముందుమాట కింద నా పేరు పెట్టుకున్నాను. ఆమె పేరు ఎక్కడా లేదు. సమష్టి కృషి గనక వ్యక్తుల పేర్లు అనవసరమని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నా పేరు మాత్రం ఎందుకు అవసరమయిందో ఆలోచించలేదు. ఆమె నన్ను పదిమందిలో నిలదియ్యలేదు. మర్నాడు వచ్చి "సార్, ఆ అధ్యాయాల్లో తప్పులేమైనా ఉంటే ఎవరిని అడుగుతారు?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నలో ఈ వ్యాసమంతా ఉందని ఇప్పుడు తెలుస్తున్నది.

కాబట్టి విద్యార్థి మిత్రుడికి నా జవాబు ఇది. ఉమ్మడి సొత్తులో ఎవరి వాటా వారికి పంచిపెట్టమని ఎవరూ అడగడం లేదు. ఎవరి చెమట ఎక్కడుందో లెక్క ఉంచమంటున్నారు. ఆ లెక్క ఉన్న సొత్తును ఎవడూ సులభంగా కాజెయ్యలేడు. ఇక లెక్క తప్పినవాడు మన సహచరుడైతే ఏప్రిల్ లేఖలాగా బజారు నుంచి మొదలుపెట్టకూడదు. ముందు విడిగా చెప్పి, దిద్దుకునే గడువివ్వాలి. దిద్దుకోకపోతే అప్పుడు బహిరంగంగా చెప్పాలి. తప్పు మన పక్షంలో ఉన్నప్పుడు కూడా ఈ రెండు మెట్లూ తప్పకుండా ఎక్కాలి.

మా పుస్తకం రెండో ముద్రణకు వెళ్తున్నది. మూడు, నాలుగు అధ్యాయాల మొదట అనువాదకురాలి పేరూ, దిద్దినవాడిగా నా పేరూ వేస్తున్నాం. మొదటి ముద్రణలో ఆమె పేరు ఎందుకు లేదో ముందుమాటలో రాశాను.